నీలగిరి చెట్టు నీలగిరిది కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఊటీ టూర్ మీద ఫుల్ పేజీ ఆర్టికల్ వచ్చింది కదండీ, పైన టాయ్ ట్రైన్ ఫోటో, కింద బొటానికల్ గార్డెన్ ఫోటో, అది నేను రెండుసార్లు చదివాను. బస్సు టైములు, రూముల రేట్లు, ఈ-పాస్ ఎలా తీసుకోవాలో అన్నీ ఇచ్చారు, పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కానీ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. నీలగిరి చెట్లు సహజంగా పెరిగే కొండలు కాబట్టే ఆ పేరొచ్చిందన్నట్టు రాశారు. మన తెలుగులో నీలగిరి చెట్టు అంటే యూకలిప్టస్ కదా. ఆ చెట్టు ఆ కొండల్లో పుట్టింది కాదండీ, ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటింది, నీలగిరిలో నాటడం మొదలైందే 1843లో అంటారు. కొండలకి ఆ పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. చెట్టు వల్ల కొండకి పేరు రాలేదు, కొండ పేరు తీసుకొచ్చి మనమే చెట్టుకి పెట్టుకున్నాం.

ఇంత చిన్నదానికి ఉత్తరం ఎందుకు అనుకోకండి. ఆ కొండలకి నిజంగా సొంతమైన పూల పొదలు కొన్ని ఉన్నాయి, అవన్నీ ఒకే కుటుంబం, వాటి గురించి ఆ పేజీలో ఒక్క ముక్క లేదు, ఒక్క ఈ పేపర్నే అనడం కాదు, ఇన్నేళ్ళలో ఏ తెలుగు పేపర్లోనూ నా కంట పడలేదు. అందుకే రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను బోటనీ చదివినదాన్ని కాదు. తెనాలిలో మా వారితో కలిసి 31 ఏళ్ళు మెడికల్ షాపు నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. సాయంత్రం అయ్యేసరికి పొలం నుంచి వచ్చే కూలోళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, మోకాళ్ళు పట్టేసిన మామ్మలు, అందరూ అడిగేది ఒకటే, అమ్మా నొప్పుల బామ్ ఇవ్వు అని. ఆ డబ్బాలు తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది, గంధపుర తైలం, నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు పువ్వు అని. బామ్ బామ్‌కీ పాళ్ళు మారతాయి గానీ చాలావాటిలో ఇవే. నీలగిరి తైలం అందరికీ తెలుసు, జలుబు చేస్తే వేడినీళ్ళలో రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పడతాం. గంధపుర తైలం ఏంటో నన్ను ఒక్కళ్ళూ అడగలేదు, నాకూ తెలీదు. పేరులో గంధం ఉంది కదా, గంధపు చెక్క నుంచి తీస్తారేమో అనుకున్నాను, 31 ఏళ్ళూ అలాగే అనుకుంటూ అమ్మాను.

బామ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తెలుగోళ్ళకి బామ్‌కీ పేపర్‌కీ పాత చుట్టరికం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, ఆ డబ్బులతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు అమ్మిన చేత్తోనే తెలుగువాళ్ళకి పత్రిక ఇచ్చిన మనిషి. అందుకే ఈ సంగతి ఒక తెలుగు పేపరుకే రాయాలనిపించింది.

మా అమ్మాయి వాళ్ళు కోయంబత్తూరులో ఉంటారు, అల్లుడు గారికి అక్కడ ఉద్యోగం. ఈ జనవరి నెలాఖరున మేం వెళ్ళినప్పుడు, అత్తయ్యగారూ ఎండాకాలం జనంలో ఊటీ చూస్తే ఏం చూసినట్టు, ఇప్పుడు పోదాం పదండి అని కారు మాట్లాడారు. డ్రైవరు కోటగిరి వైపు పెద్దాయన, ఆ కొండల్లోనే ఉండే బడగ కులం వాళ్ళు, 60 దాటి ఉంటాయి. ఆయన తమిళంలో చెప్తుంటే అమ్మాయి మాకు తెలుగులో చెప్పేది. మెట్టుపాళయం దాటి ఘాట్ ఎక్కుతుంటే నాకు కళ్ళు తిరిగి కడుపులో తిప్పింది, మనవరాలు అమ్మమ్మా కళ్ళు మూసుకో అంటోంది. ఒక మలుపులో ఆయన కారు పక్కకి ఆపి, దిగి, రోడ్డు వారనున్న పొద నుంచి ఒక్క ఆకు తుంచి, వేళ్ళతో నలిపి, వాసన చూడమని నా చేతికిచ్చారు.

అదేం వాసనో నేను వేరే చెప్పక్కర్లేదు. మా షాపు వాసన! సాయంత్రం పూట మా కౌంటరు దగ్గర నిలబడితే వచ్చే వాసన, మా అమ్మ పడుకునే మంచం దగ్గర వచ్చే వాసన, అచ్చం అదే, పచ్చి ఆకులో. నలపక ముందు చూస్తే ఆ ఆకుకి వాసనే లేదు. మా వారు కూడా తీసుకుని నలిపి నలిపి చూసి, ఇన్నేళ్ళు అమ్మింది ఇదా అన్నారు. ఆయన గొంతు కొంచెం మారింది. అదేనండీ గంధపుర, ఇంగ్లీషులో ఇండియన్ వింటర్‌గ్రీన్ అంటారు, సైన్సు పేరు గాల్తీరియా ఫ్రాగ్రాంటిస్సిమా. గంధపు చెట్టుకీ దీనికీ ఏ సంబంధం లేదు.

మనిషెత్తు పొద. ఆకు దళసరిగా తోలులాగా ఉండి అంచున చిన్న చిన్న పళ్ళుంటాయి, కొమ్మ వెంట తెల్లటి బుల్లి పూలు వరసగా వేలాడతాయి, ఒక్కో పువ్వు బోర్లించిన చిన్న కుండలా ఉంటుంది, మూతి దగ్గర ఇరుకు, పొట్ట దగ్గర లావు. కాయ ఇంకా చిత్రం. పువ్వు కింద ఆకుపచ్చ రక్షక పత్రాలుంటాయి కదా, పువ్వు రాలిపోయాక అవే ఉబ్బి కండపట్టి ముదురు నీలం రంగుకి తిరిగి లోపలున్న అసలు కాయని చుట్టేస్తాయి, మనం పండు అనుకునేది నిజానికి ఆ రక్షక పత్రాలే. ఆకుల్లో తీసే నూనె దాదాపు మొత్తం ఒక్కటే పదార్థం, మిథైల్ సాలిసిలేట్. ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. ఇప్పుడు బామ్‌ల్లో కలిపేది చాలావరకు ఫ్యాక్టరీలో తయారైందే గానీ ఆ గుణాన్ని మనిషి మొదట నేర్చుకుంది ఇలాంటి మొక్కల దగ్గరే. నేపాల్లో ఇదే మొక్కని ధసింగరే అంటారట, అక్కడ పల్లెల్లో ఇప్పటికీ ఆకు బట్టీలో పెట్టి నూనె తీస్తారు.

షాపు మనిషిని కాబట్టి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, దయచేసి ఇది కత్తిరించకుండా వెయ్యండి. ఊటీ బజార్లో చిన్న సీసాల్లో వింటర్‌గ్రీన్ ఆయిల్ అని అమ్ముతారు, మనోళ్ళు నాలుగైదు సీసాలు కొని తెచ్చి చుట్టాలకి పంచుతారు. అది బామ్ కాదు, ఒట్టి నూనె. ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, కడుపులోకి పోతే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టు, పెద్దవాళ్ళ బిళ్ళలు 20కి పైన లెక్క. చిన్నపిల్లకి ప్రాణం మీదకి వస్తుంది. వాసన పిప్పరమెంటు బిళ్ళలాగా తియ్యగా ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళు కూడా ఒళ్ళంతా రుద్దుకోకూడదు, డాక్టర్ని అడిగి వాడుకోవాలి. కొంటే కొన్నారు, సీసా బీరువా పై అరలో పెట్టి తాళం వెయ్యండి.

మర్నాడు పొద్దున్నే దొడ్డబెట్ట వెళ్ళాం, 2,637 మీటర్లు, తమిళనాడులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. టెలిస్కోపు దగ్గర క్యూ, బజ్జీల బండి దగ్గర క్యూ, సెల్ఫీలు. అందరూ దూరంగా లోయలోకి చూస్తున్నారు, నేనూ అటే చూస్తున్నాను. డ్రైవరు మా వెనక వైపు చెయ్యి చూపించారు. వెనక ఒక ముసలి చెట్టు, వంకర కొమ్మలు, దళసరి ఎర్రటి బెరడు, కొమ్మ చివర్ల ఎర్రటి పూల గుత్తులు. మందారం ఎరుపు కాదు, మోదుగ ఎరుపూ కాదు, పొగమంచులోంచి చూస్తుంటే ఎవరో దీపాలు పెట్టినట్టుంది. రోడోడెండ్రాన్ అండీ. గ్రీకు మాటట, గులాబి చెట్టు అని అర్థం. ఇదీ గంధపురా ఒకే కుటుంబం, ఎరికేసీ అంటారు, మామూలు ఇంగ్లీషులో హీత్ కుటుంబం. అక్కడ గంధపుర పొదలాగే ఉంటే ఇది పొదలాగానూ పెరుగుతుంది, ముదిరితే చెట్టూ అవుతుంది.

కింద రాలిన పువ్వొకటి మనవరాలు తీసుకుంది. ఇది రేకులు రేకులుగా రాలదు, పువ్వు పువ్వంతా గంటలాగా ఊడి పడుతుంది. గంట లోపల అడుగున ముదురు రంగు మచ్చలు, తేనె తిత్తులు, పది కేసరాలు. పిల్ల వేలితో కేసరం చివర తాకితే పుప్పొడి పొడిలా రాలలేదు, సన్నటి జిగురు దారంలా వేలికంటుకుని సాగుతూ వచ్చింది, అమ్మమ్మా సాలీడు ఉందా ఇందులో అని అరిచింది. తర్వాత చదివి తెలుసుకున్నాను, ఈ కుటుంబంలో చాలా పూలకి పుప్పొడి తిత్తి పక్కనుంచి చీలదు, ఉప్పు డబ్బాకున్నట్టు చివర్న చిల్లులుంటాయి, రోడోడెండ్రాన్‌కి ఆ చిల్లుల్లోంచి దారాలతో అల్లుకున్నట్టు వస్తుంది, తేనె కోసం వచ్చిన పిట్ట నుదిటికో తేనెటీగ కాలికో ఒక దారం తగిలితే చాలు పుప్పొడి గుత్తి గుత్తంతా వెళ్ళిపోతుంది. మేం నిలబడిన పావుగంటలో తేనెపిట్టలూ పికిలి పిట్టలూ వస్తూనే ఉన్నాయి. ఆ చలిలో పురుగులే కనపడవు, పూతకి పిట్టలే దిక్కు, పిట్టలకి ఆ పూతే దిక్కు.

ఆ చలి మాట చెప్పాలి. జనవరిలో తెల్లవారుజామున అక్కడి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది, షోలా అడవుల్లో చెట్ల లేత మొలకలు ఆ గడ్డిలోకి వస్తే చచ్చిపోతాయి. షోలా అంటే లోయల మడతల్లో గుబురుగా ఉండే పొట్టి అడవి, దాని చుట్టూ గుట్టల మీదంతా గడ్డే, ఈ రెండూ పక్కపక్కనే గీత గీసినట్టుంటాయి. ఆ గడ్డిలో ఒంటరిగా నిలబడి బతికేది ఈ రోడోడెండ్రానే. బెరడు మందం కాబట్టి ఎండాకాలం గడ్డికి నిప్పంటుకున్నా తట్టుకుంటుంది, ఆకు అడుగున నూగు దట్టంగా ఉంటుంది, చలినీ తట్టుకుంటుంది. దూరం నుంచి చూస్తే పచ్చిక మీద ఒక్కతే నిలబడిన ముసలావిడలా ఉంటుంది. ఆ చెట్టు దగ్గర నిలబడితే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఎందుకో చెప్పలేను.

ఇంకో సంగతి, ఇది నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఈ చెట్టు సొంత జాతి, రోడోడెండ్రాన్ ఆర్బోరియం, ఉండేది హిమాలయాల్లో. మీ పాఠకుల్లో చార్‌ధామ్ యాత్ర చేసొచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, దారిలో ఎర్రటి షర్బత్ సీసాలు అమ్ముతారు చూడండి, బురాన్ష్ షర్బత్ అని, అది ఈ పూరేకులదే. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం అదే, నేపాల్ జాతీయ పుష్పం లాలీగురాస్ కూడా అదే. అక్కడి నుంచి నీలగిరికి దాదాపు 2,000 కిలోమీటర్లు. మధ్యలో గంగ మైదానం, వింధ్య, గోదావరి, కృష్ణ, మన ఎండలు. ఇంత దూరంలో దక్షిణాన నీలగిరి, పళని, ఆనైమలై కొండల నెత్తి మీద, ఆ తర్వాత సముద్రం దాటి శ్రీలంక ఎత్తు కొండల్లో మాత్రం ఉంది. ఎలా వచ్చింది? ప్రపంచమంతా బాగా చల్లబడ్డ మంచుయుగం రోజుల్లో చల్లటి నేల మొక్కలు కొండల వెంట మెల్లగా దక్షిణానికి పాకాయని, తర్వాత వేడెక్కేసరికి మధ్యలోవి చచ్చిపోయి శిఖరాల మీదవి మిగిలాయని శాస్త్రవేత్తలు చెప్తారు. జంతువుల్లోనూ ఇలా హిమాలయాల్లో, దక్షిణ కొండల్లో మాత్రమే కనిపించే చుట్టాలున్నాయని, అవి వింధ్య సాత్పురా కొండలమీదుగా వచ్చాయని సుందర్‌లాల్ హోరా గారు అనే చేపల శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పారు. దాని మీద వాదనలున్నాయి గానీ ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మనం ఐస్‌క్రీమ్ తింటూ ఫోటో దిగే చోట మంచుయుగం నుంచి మిగిలిపోయిన చెట్టు నిలబడి ఉంది.

ఇదే కుటుంబంలో మూడోది కూడా ఆ కొండల్లో ఉంది, వ్యాక్సీనియం. మన సూపర్ మార్కెట్లలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రేటు చూసి గుండె గుభేల్మనే బ్లూబెర్రీలు అమ్ముతారు కదా, వాటి సొంత ప్రజాతి. నీలగిరి వ్యాక్సీనియం పూలు కూడా బోర్లించిన బుల్లి కుండలే, పండ్లు పిట్టలు తింటాయి. మేం సరిగా చూడలేకపోయాం, పొగమంచు దిగిపోయింది.

ఈ కుటుంబం మొత్తానికి ఒక పట్టుదల ఉంది, పుల్లటి నేల కావాలి, అంటే ఆమ్లం ఉన్న నేల. వేళ్ళకి సన్నటి బూజు దారాలు చుట్టుకుని, సారం లేని నేలలోంచి కూడా అవి తిండి లాగి పెడతాయి. అందుకని మన కృష్ణా డెల్టా నల్లరేగడిలో ఇవి బతకవు. మా పక్కింటివాళ్ళు ఊటీ నర్సరీ నుంచి అజేలియా కుండీ తెచ్చారు, అదీ రోడోడెండ్రాన్ ప్రజాతే, ఏప్రిల్ దాకా కూడా ఆగలేదు పాపం. అడవిలోంచి పీకి తెచ్చింది అస్సలు బతకదు, వేళ్ళతో పాటు ఆ బూజు కూడా రావాలి కదా. చూసి రావలసినవే గానీ తెచ్చుకోదగ్గవి కావు. ఇంకొకటి, రోడోడెండ్రాన్ ఆకుల్లో విషం ఉంటుంది, మేకలు తిన్నా పడిపోతాయి, షర్బత్ చేస్తారట కదా అని ఎవరికి వాళ్ళు ప్రయోగాలు చెయ్యొద్దు.

ఇప్పుడు మళ్ళీ యూకలిప్టస్ దగ్గరికి వస్తాను, అసలు ఉత్తరం దాని గురించే. తెల్లవాళ్ళు ఊటీలో స్థిరపడ్డాక వంటకీ చలిమంటలకీ షోలా అడవుల్ని నరికారు, కట్టెలు చాలక తొందరగా పెరిగే చెట్టని యూకలిప్టస్ నాటారు, తోళ్ళు పదును చెయ్యడానికి బెరడు పనికొస్తుందని వాటిల్ చెట్లు నాటారు, గుట్టల మీద తేయాకు నాటారు. గడ్డి గుట్టలు వాళ్ళ కంటికి ఖాళీ జాగా. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు కూడా ఫ్యాక్టరీలకి కలప గుజ్జు కోసం ఆ పనే చేశారు, తప్పంతా తెల్లవాళ్ళ మీదకి తోసెయ్యలేం. నా మనసుకి కష్టమనిపించింది ఇంకొకటి. స్కాట్లాండ్‌లో బీడు కొండల మీద పసుపు పూల పొదలు, గోర్స్, బ్రూమ్ అని ఉంటాయట, సొంతూరి మీద బెంగతో అవి కూడా తెచ్చి నీలగిరిలో వేసుకున్నారు, అవిప్పుడు కలుపులా అల్లుకుపోయి గడ్డిని తినేస్తున్నాయి. అదే స్కాట్లాండ్ కొండల్ని ఊదా రంగుతో కప్పేసే హెదర్ పొద ఉంది చూశారూ, అది ఈ హీత్ కుటుంబమే, కుటుంబానికి ఆ పేరు అలాంటి పొదల వల్లే వచ్చింది. వాళ్ళు బెంగపడ్డ ఊరి మొక్కల చుట్టాలు ఇక్కడ రోడోడెండ్రాన్‌గా, గంధపురగా కళ్ళెదురుగా పూస్తూనే ఉన్నాయి.

అలాగని అందరూ కళ్ళు మూసుకున్నారని కాదు. రాబర్ట్ వైట్ అనే స్కాట్లాండ్ డాక్టరు మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ఉద్యోగం చేస్తూ 1846 నుంచి 1851 మధ్య నీలగిరి మొక్కల బొమ్మల సంపుటాలు వేశారు. ఆయన దగ్గర మొక్కల బొమ్మలు గీసినవాళ్ళు మన దక్షిణాది చిత్రకారులు, రంగయ్య, గోవిందు. గోవిందు పేరు మీద ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు కూడా పెట్టారు వైట్ దొర. ఇది మా అల్లుడు గారు చెప్తే నమ్మలేదు, నెట్‌లో ఆ బొమ్మలు చూపించారు, ఆకు ఈనెలతో సహా ఎంత ఓపిగ్గా గీశారో! ఆ రోజుల్లో మన సర్కారు జిల్లాలూ సీడెడ్ జిల్లాలూ మద్రాసు కిందే ఉండేవి, ఎండాకాలం మద్రాసు ప్రభుత్వం ఊటీకి ఎక్కేది, మన ఫైళ్ళూ దాంతోపాటే ఎక్కేవి. ఊటీ మనకి పరాయి ఊరేమీ కాదు. ఆ తర్వాత సినిమా పాటల్లో చూసి చూసి ఇంకా దగ్గరైంది. కానీ ఆ పాటల్లో వెనక కనపడేవి కూడా తేయాకు తోటలూ యూకలిప్టస్‌లూ పైన్ చెట్లే, ఈ మూడూ బయటి నుంచి వచ్చినవే.

నేను చెట్టుని తిట్టడానికి రాయలేదండీ. జామాయిల్ తోటల మీద మన దగ్గర ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, ఆ నూనె జలుబుకి పనికొస్తుంది, నేనే అమ్మాను. ఇప్పటికే రెండు పేర్లున్నాయి దానికి, జామాయిల్ అనండి, యూకలిప్టస్ అనండి. నీలగిరి అనే పేరు నోటికి అలవాటైపోయింది, తైలం పేరు ఎలాగూ మారదు. కనీసం ఊటీ గురించి రాసేటప్పుడన్నా, ఆ చెట్టు అక్కడిది కాదు అని ఒక్క ముక్క రాయండి. తమిళనాడు ప్రభుత్వం 2022లో బయటి నుంచి వచ్చి అల్లుకుపోయే మొక్కల్ని తీసేసే పాలసీ తెచ్చింది, హైకోర్టు కూడా ఆ కేసులు వింటోంది, రేపు నీలగిరిలో ఆ చెట్లు కొడితే మన టీవీల్లో నీలగిరిలో నీలగిరి చెట్లు నరికేస్తున్నారు అని స్క్రోలింగ్ వస్తుంది, జనం అన్యాయం అనుకుంటారు. పేరు తప్పయితే అర్థం ఎంత దూరం పోతుందో చూడండి.

నీలకురింజి గురించి మీరే 2018లో రంగుల పేజీ వేశారు, బాగా గుర్తుంది నాకు, 12 ఏళ్ళకి ఒకసారి పూస్తుందని, మళ్ళీ 2030లో అని. దానికి అంత పేరు రావడం న్యాయమే. ప్రతి ఏడాదీ చలికాలంలో ఎవరూ పిలవకుండానే పూసే చెట్టుకి కూడా పావు పేజీ ఇవ్వండి అని అడుగుతున్నాను. మే నెలలో వెళ్ళేవాళ్ళకి ఆ పూత దొరకదు, సంక్రాంతి సెలవుల్లోనో ఫిబ్రవరిలోనో వెళ్తే దొడ్డబెట్ట రోడ్డులోనూ, అవలాంచి వైపు ఫారెస్టు వాళ్ళ బండిలో వెళ్ళినా కనపడుతుంది, సంక్రాంతి సెలవుల్లో అయితే మున్నారు పక్కన ఎరవికుళం పార్కులోనూ చూడొచ్చు, ఫిబ్రవరిలో ఆ పార్కు మామూలుగా మూసి ఉంటుంది. ఆ పార్కులో నీలగిరి తార్ అనే కొండమేకలు కూడా ఉంటాయి, పిల్లలు వదిలి రారు. ఒకటే మనవి, కొమ్మ విరవకండి. మేం ఉండగానే ఒక కుటుంబం, తెలుగువాళ్ళే, ఫోటో కోసం గుత్తి విరిచి పాప జడలో పెట్టారు, నాకు నోరు రాలేదు, డ్రైవరు పెద్దాయన వెళ్ళి మెల్లగా చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అది ఏంటో వాళ్ళకి తెలీదు, అంతే.

ఇక పేరు సంగతి. తమిళంలో ఈ రోడోడెండ్రాన్‌ని కాట్టుప్పూవరసు అంటారు. పూవరసు అంటే మన గంగరావి, కాడు అంటే అడవి, అంటే అడవి గంగరావి అన్నమాట. తెలుగులో దీనికి పేరు ఉందా అని మా ఊళ్ళో రిటైరైన మాస్టార్లని అడిగాను, ఎవరికీ తెలీదు. మనవరాలు బొమ్మ గీసి కింద కొండ గంగరావి అని రాసింది, ఆకు గంగరావిలా లేదే అంటే తమిళంలో అంటున్నారుగా అంది. మీ పాఠకుల్లో భాష తెలిసినవాళ్ళు, కుప్పంలో చిత్తూరులో ఉండి ఆ కొండలకి పోయొచ్చేవాళ్ళు, హోసూరు కోయంబత్తూరు వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు ఎవరన్నా వేరే పేరు వాడుతుంటే రాయమని అడగండి. అలా పాత పేరు ఒకటి బయటపడితే పిల్ల పెట్టింది పక్కన పెట్టేస్తాం.

ఉత్తరంతో పాటు రెండు ఫోటోలు పంపుతున్నాను, మా అల్లుడు గారు తీసినవి, ఒకటి దొడ్డబెట్ట చెట్టు, ఒకటి గంధపుర కొమ్మ, రెండో దాంట్లో పూలు చిన్నవి కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో వేస్తే తెలియవు, రంగుల్లోనే వెయ్యండి. మనవరాలి బొమ్మ కూడా కవర్లో ఉంది, అది మాత్రం మళ్ళీ పంపించాలి, ఫ్రేము కట్టించి షాపులో బామ్‌ల అర పక్కన పెడతానని మా వారు మేకు కూడా కొట్టి ఉంచారు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
తెనాలి.